కరువు సీమలో కండరం చరిత్ర

మడకశిర చరిత్ర చెప్పేవాళ్లు హేమావతి దగ్గర మొదలుపెడతారు. హెంజేరు పేరుతో అది నొళంబ పల్లవుల రాజధాని. వాళ్లు చెక్కించిన నల్లరాతి స్తంభాల నునుపును ఇప్పటికీ వేళ్లతో తాకి చూసే జనం ఉన్నారు. ఆ తర్వాత పాళెగాళ్లు, కొండ మీది కోట, మైసూరు సుల్తానులు, 1800లో నిజాం చేతి నుంచి కుంఫిణీకి పోయిన దత్తమండలాలు, మన్రో పన్నులు వరసగా వస్తాయి. ఇంత చరిత్రలోనూ ఒళ్లు వంచి పనిచేసిన మనిషి శరీరం గురించి ఒక్క పేజీ ఉండదు. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ మెట్ట మీద కడివెడు నీళ్లయినా, శేరు రాగిపిండైనా రెక్కల కష్టం లేకుండా ఇంట్లోకి వచ్చేది కాదు. ఆ కష్టంలో చాలా భాగం గడిచిన యాభై అరవై ఏళ్లలో మోటార్లకూ మిల్లులకూ మారిపోయింది. చక్కెర జబ్బు, పెద్ద వయసులో కండ కరిగిపోవడం, గుండెపోటు అనే మూడు ఆస్పత్రి చీటీల మీద వేర్వేరు గళ్లలో ఉంటాయి గానీ, వాటి వెనక పెద్ద భాగం ఒకే చరిత్ర ఉందని నా వాదన. అది కండరం పని చరిత్ర. కండరం బరువు లాగే యంత్రం మాత్రమే కాదని, పనిలో ఉన్నంతసేపూ రక్తంలోకి హార్మోన్ల వంటి సంకేతాలు వదిలే గ్రంథి కూడా అని ఈ పాతికేళ్లలో తేలింది. ఆ సంగతి తెలిశాక ఈ కరువు సీమ గతాన్ని పాత పద్ధతిలో చదవడం కుదరదు.

ముందు ఆ పని ఎలాంటిదో చూడాలి. మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ ప్రాంతాల్లో పొలాలు తడిసింది చెరువులతో, వాగుల పక్క తవ్విన ఊటకాలువలతో, బావులతో. బావి అంటే కపిల. బావి గట్టు నుంచి కిందికి వాలుగా దారి తవ్వి, ఆ వాలులో ఎద్దుల జతను దింపుతారు. ఎద్దులు దిగుతుంటే మోకు లాగి తోలుబాన నీళ్లతో పైకొచ్చి తొట్టిలో ఒలుకుతుంది. దిగేటప్పుడు మనిషి మోకు మీద కూచుని తన బరువు కూడా కలుపుతాడు. నీళ్లు ఒలికాక ఎద్దులు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గట్టెక్కాలి, వాటితో పాటు మనిషీ ఎక్కాలి. దిగుడులో కాస్త విరామం, ఎక్కుడులో శ్రమ, మళ్లీ విరామం. తెల్లవారుజామున మొదలైతే ఎండ ముదిరే దాకా ఇదే. ఎద్దులు లేనివాళ్లు ఏతం తొక్కారు. ఏతం దూలం మీద ముందుకూ వెనక్కీ నడిచే మనిషి రోజంతా మెట్లెక్కి దిగుతున్నట్టే. ఇంట్లో ఆడవాళ్ల పని దీనికి తక్కువేమీ కాదు. రాగులు విసరడం, కొర్రలు దంచడం, నీళ్లు మోయడం, ఉడికిన సంగటిని తెడ్డుతో గెలకడం రోజూ ఉండేవి. కపిలకు వానాకాలంలో సెలవు దొరికేది గానీ విసుర్రాయికి పండగనాడు కూడా దొరికేది కాదు. భుజం, వెన్ను, తొడ, పిక్క అన్నీ కదిలే ఈ పనుల్లో తీవ్రత కంటే రోజూ తప్పకపోవడమే ముఖ్యమైన లక్షణం. చెరువు కట్టలు పోసిన, బావులు తవ్విన వడ్డెర్ల గునపం పని దీనికి పదింతలు. వాళ్ల సంగతి విడిగా రాయాల్సినంత ఉంది.

ఈ శరీరాన్ని ప్రభుత్వం మొదటిసారి లెక్క వేసింది ధాత కరువులో. 1876లో వానలు పోయాయి. మడకశిర అప్పటికి బళ్లారి జిల్లాలో ఉంది, అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. బళ్లారి ఆ కరువు గట్టిగా కొట్టిన జిల్లాల్లో ఒకటి. జనం రోడ్ల పనులకూ చెరువు పనులకూ చేరారు. ఖర్చు తగ్గించమని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో మద్రాసు రాజధానికి వచ్చి కూలిని కోశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, ఉప్పు పప్పులకు కొద్దిపాటి చిల్లర. ఆడవాళ్లకు అంతకంటే తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పని చేయించుకుంటూ ఆ తిండి పెడితే ఒళ్లు నిలవదని అతని వాదన. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఇద్దరూ ఏకీభవించిన చోటు. ఇద్దరి లెక్కలోనూ శరీరం ఒక ఆవిరి యంత్రమే. ఇంత బొగ్గు వేస్తే ఇంత మట్టి తవ్వుతుంది. బొగ్గు ఎంత అన్న దగ్గరే తగాదా. పని ఆ శరీరానికే ఏదైనా చేస్తుందన్న ఆలోచనకు ఆ లెక్కలో చోటు లేదు. నిజానికి వైద్యశాస్త్రం కూడా మరో వందేళ్లు అదే లెక్క వేసింది. వ్యాయామం మంచిదంటే క్యాలరీలు ఖర్చవుతాయి కాబట్టి, అంతే.

అనుమానం మాత్రం పాతదే. 1961లో గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, పనిచేసే కండరం రక్తంలోకి ఏదో వదులుతోందని, అది చక్కెరను తగ్గిస్తోందని వాదించాడు. ఆ ‘ఏదో’ చాలాకాలం చేతికి చిక్కలేదు. 2000లో కోపెన్‌హాగెన్‌లో బెంటె క్లార్లుండ్ పెడెర్సెన్ బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. మనుషుల చేత ఒక్క కాలితోనే అయిదు గంటలు పని చేయించి, ఆ కాలిలోకి పోయే రక్తాన్నీ బయటికొచ్చే రక్తాన్నీ పోల్చారు. పనిచేసిన కాలి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం బయటికొస్తోంది, కదలని కాలి నుంచి రావడం లేదు. దెబ్బ తగిలిన కణజాలం నుంచి కారుతోందనుకున్నది ఆరోగ్యంగా ఉన్న కండరమే కావాలని పంపుతున్నదని తేలింది. 2003లో ఈ రకం పదార్థాలకు మయోకైన్లు అని పేరు పెట్టారు. ఇప్పుడు అలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయంటారు. అన్నిటి పనీ తెలుసని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

ఇక్కడ చదువుకున్న పాఠకుడికి ఒక సందేహం రావాలి. ఊబకాయం, చక్కెర జబ్బు ఉన్నవాళ్ల రక్తంలోనూ ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగానే ఉంటుంది. డాక్టర్లు దాన్ని వాపుకు గుర్తుగా చూస్తారు. అదే పదార్థం ఇక్కడ మందు, అక్కడ విషం ఎలా అవుతుంది? తేడా కాలంలో ఉంది. విత్తనం పడ్డాక గంటసేపు కురిసి వెలిసిన వాన వేరు, చేలో నెలల తరబడి నిలిచిన నీళ్లు వేరు. పని చేసినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనేక రెట్లు పెరిగి, పని ఆగాక గంటల్లో దిగిపోతుంది. దాని వెంట వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ పెరగదు, పైగా వాపును అణిచే పదార్థాలు పెరుగుతాయి. కొవ్వు నుంచి నిత్యం కారేది తక్కువ మోతాదైనా దిగడమంటూ ఉండదు. దీన్ని నిరూపించే పరీక్ష 2019లో వచ్చింది. పొట్ట పెరిగిన కొందరిని 12 వారాల పాటు సైకిల్ తొక్కించారు. వారిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ మందు ఇచ్చారు. మందు లేకుండా తొక్కినవాళ్లకు పేగుల చుట్టూ ఉండే కొవ్వు తగ్గింది. మందు తీసుకుని తొక్కినవాళ్లకు తగ్గలేదు. తొక్కినదంతా తొక్కారు, చెమటలు కారాయి, క్యాలరీలు ఖర్చయ్యాయి. సంకేతం ఒక్కటి తెగితే ఫలితం తెగింది. ఆవిరి యంత్రం లెక్కకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. పేగుల చుట్టూ ఉండే ఆ కొవ్వు చక్కెర జబ్బుకూ గుండె జబ్బుకూ ఉమ్మడి మూలాల్లో ఒకటి కాబట్టి ఈ ఫలితం రెండు చీటీలకూ వర్తిస్తుంది.

కండ కరగడం కూడా ఈ కథలోదే. ఇన్సులిన్ ఇచ్చి కొలిచినప్పుడు రక్తంలోంచి పోయే చక్కెరలో అత్యధిక భాగాన్ని మింగేది కండరమే. కండ తగ్గితే చక్కెరకు పోయే చోటు తగ్గుతుంది. 1997లో మెక్‌ఫెరన్, సె-జిన్ లీ ఎలుకల్లో మయోస్టాటిన్ అనే పదార్థాన్ని కనుక్కున్నారు. అది కండరం తన ఎదుగుదలకు తానే వేసుకునే పగ్గం. అది లేని ఎలుకలు కండలతో ఉబ్బిపోయాయి. వ్యాయామం ఆ పగ్గాన్ని కొంత వదులు చేస్తుంది. పని ఆగితే ఎంత త్వరగా చెడుతుందో కోపెన్‌హాగెన్‌లోనే చూశారు. రోజుకు పదివేల అడుగులు నడిచే ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను పదిహేను వందల అడుగుల లోపుకు దింపితే రెండు వారాల్లోనే ఇన్సులిన్ సరిగా పనిచేయడం తగ్గింది, కాళ్లలో కండ కూడా తరిగింది. అయితే అంతా హార్మోన్ల మహిమే అనడం కూడా అతి. సంకోచించే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను నేరుగా లోపలికి లాక్కుంటుంది. అది ఆ కండరంలోపలి సంగతి, రక్తంలోకి పంపే సంకేతం కాదు. ఈ రంగంలో హడావుడి కూడా తక్కువేమీ లేదు. 2012లో హార్వర్డ్‌లో స్పీగల్‌మన్ బృందం ఐరిసిన్‌ను ప్రకటించగానే పత్రికలు దాన్ని వ్యాయామం మాత్రగా అమ్మకానికి పెట్టినంత పని చేశాయి. 2015లో వేరే శాస్త్రవేత్తలు, ఐరిసిన్‌ను కొలిచిన కిట్లు ఇంకేదో పదార్థాన్ని పట్టుకుంటున్నాయని చూపి అది ఉత్త పుక్కిటి పురాణమన్నారు. అదే ఏడు మరింత కచ్చితమైన పద్ధతిలో స్పీగల్‌మన్ బృందం మనిషి రక్తంలో దాన్ని చూపింది గానీ, వ్యాయామంతో పెరిగింది కొద్దిపాటే. అంటే ఐరిసిన్ మీద కట్టిన ఆశలు కూలినా ఇంటర్‌ల్యూకిన్-6 మీద నిలిచిన వాదన కూలదు. రెండిటికీ సాక్ష్యాలు వేరు.

ఇప్పుడు మడకశిరకు తిరిగి వద్దాం. కరెంటు వచ్చింది, కపిల దారులు పూడిపోయాయి. ఊరికో పిండిమిల్లు వచ్చింది, విసుర్రాయి గోడవార చేరింది. తర్వాత బావులు ఎండి బోర్లు వచ్చాయి. 2004లో ఉచిత కరెంటుతో నీళ్లు తోడడం అంటే బటన్ నొక్కడమే అయింది. కొర్ర, రాగి, జొన్న వేసిన మెట్ట చేలల్లోకి వేరుశనగ వచ్చి జిల్లా అంతా పాకింది. ఈ పంట తెచ్చిన మార్పుల్లో ఎవరూ పట్టించుకోనిది పని క్యాలెండరు. కలిపి వేసిన పాత పంటలు ఒక్కోటి ఒక్కో నెలలో కోతకొచ్చేవి. వేరుశనగకు జూలైలో విత్తనం, నవంబరు ప్రాంతంలో పీకుడు, ఆ రెంటి చుట్టూ నడుము విరిగే పని, మిగతా నెలలు ఖాళీ. ఆ ఖాళీలో కుర్రాళ్లు బెంగళూరు బస్సెక్కారు. వాచ్‌మన్ కుర్చీ, డ్రైవర్ సీటు, దుస్తుల ఫ్యాక్టరీలో మిషను ముందు స్టూలు దొరికాయి. వలస శరీరాన్ని ఏం చేస్తుందో చూడడానికి ఇండియన్ మైగ్రేషన్ స్టడీ మంచి సాక్ష్యం. హైదరాబాద్ బీహెచ్ఈఎల్, బెంగళూరు హెచ్ఎంటీ వంటి నాలుగు కర్మాగారాల్లో పనిచేసే వలసవచ్చిన వాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులతో పోల్చారు. 2010లో అచ్చైన లెక్కల్లో మగవాళ్లలో ఊళ్లో ఉన్నవాళ్లకు చక్కెర జబ్బు 6 శాతం చిల్లర, వలసవచ్చిన వాళ్లకు 14 శాతం చిల్లర. ఒకే తల్లి బిడ్డలు కాబట్టి రక్తంలోనే ఉందన్న మాట ఇక్కడ అంతగా చెల్లదు. తిండి కూడా మారిందన్నది నిజమే. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం సంగటి ముద్దను పక్కకు జరిపింది, దాన్ని కాదనడం లేదు. కానీ పని చేసే కండరం ఉన్నచోట తెల్లన్నం చేసే చెరుపు ఒకలా ఉంటుంది, పని లేనిచోట మరోలా ఉంటుంది. తిండిని ఒక్కదాన్నే నిందించేవాళ్లు ఆ అన్నం ఎక్కడికి పోవాలో అడగరు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఒంటి కష్టం అంత మంచిదైతే కష్టజీవులు నిండు నూరేళ్లూ బతకాలి కదా? కపిల తోలినవాడు యాభై దాటడమే గొప్ప. దీనికి అంటురోగాలు, ఆకలి అన్న జవాబు ఉంది గానీ అది సగమే. 1953లో జెర్రీ మారిస్ లండన్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని, కూచుని నడిపే డ్రైవర్లకు ఎక్కువని చూపాడు. వ్యాయామ శాస్త్రానికి అదే పునాది. తన వాదనను తానే శంకించిన నిజాయితీ అతనిది. 1956లో యూనిఫారాల కొలతలు తీసి, డ్రైవర్ల నడుము చుట్టుకొలత ఉద్యోగంలో చేరినప్పుడే ఎక్కువని రాశాడు. ఆ తర్వాత వచ్చిన దెబ్బ ఇంకా పెద్దది. 2021లో కోపెన్‌హాగెన్‌లో లక్ష మందికి పైగా జనం వివరాలు చూస్తే, తీరిక వేళ చేసే కదలిక గుండెను కాపాడింది, కూలి కోసం చేసే బరువు పని గుండెజబ్బునూ చావునూ పెంచింది. శ్రమను కొలిచే కళ్లద్దాలతో చూస్తే ఇది చిక్కుముడి. సంకేతాల కోణంలో చూస్తే అంత చిక్కేం కాదు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతం ఒక అడుగుడు. నా నిల్వలు తగ్గుతున్నాయి, కాలేయమా చక్కెర పంపు, కొవ్వూ కరుగు అని కండరం అడుగుతుంది. నిల్వ పిండి తక్కువగా ఉన్న కండరం ఇంకా గట్టిగా అడుగుతుంది. అడిగినదానికి ఇచ్చే తిండి, ఆ తర్వాత కోలుకునే విరామం ఉంటేనే ఆ అడుగుడు మేలు చేస్తుంది. 1877లో పౌండు ధాన్యం తిని మట్టి తవ్విన మనిషి కండరం కూడా ఇదే సంకేతం పంపి ఉంటుంది, జవాబు చెప్పడానికి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. కండరం తన్ను తానే తినేసింది. ఎనిమిది గంటలు గంప దించకుండా మోసే కూలీకి రక్తపోటు దిగే సమయం ఉండదు, ఆగే హక్కు అతని చేతిలో ఉండదు. కాబట్టి పాత రోజుల కష్టాన్ని పొగిడే పల్లెపాటకు ఈ శాస్త్రంలో ఆధారం దొరకదు. కపిల ఇచ్చిన మేలు, అది ఇచ్చినంతవరకు, ఎక్కుడు దిగుడుల మధ్య ఉన్న ఆ కాస్త విరామంలో, రోజూ తప్పనితనంలో ఉంది. బరువులో లేదు.

ఆకలి చరిత్ర మరో దారిలో కూడా కండరాన్ని తాకింది. పుణెలో యాజ్ఞిక్ బృందం 2003లో మన దేశపు పసికందులను ఇంగ్లండు పసికందులతో పోల్చింది. మనవాళ్లు బరువు తక్కువ, కానీ తగ్గింది ఎక్కువగా కండే. కొవ్వు మాత్రం దాదాపు అలాగే ఉంది. కరువు మీద కరువు చూసిన ఇళ్లలో పుట్టిన బిడ్డకు కండరమనే ఆ గ్రంథే చిన్నదిగా వస్తుందన్నమాట. దీన్ని మార్చలేమా? హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో 1987, 1990 మధ్య గర్భిణులకూ పిల్లలకూ అదనపు తిండి ఇచ్చారు. ఆ పిల్లలు పెరిగాక చూస్తే, తిండి అందని ఊళ్ల పిల్లల కంటే వాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, రక్తనాళాల బిరుసు తక్కువ. అంగన్‌వాడీ గుడ్డును పేదలకిచ్చే దయగా చూసేవాళ్లు ఉన్నారు. ముప్పై ఏళ్ల తర్వాతి చక్కెర జబ్బుకు ముందస్తు మందుగా దాన్ని లెక్కగట్టడమే సరైనదని నా అభిప్రాయం.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మడకశిర అప్పటికి ఉన్న అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. జనం నోట అది ఇప్పటికీ కరువు పనే. టెంపుల్ కాలంతో పోలిస్తే కూలి నయం, అడిగే హక్కు ఉంది. కానీ కొలత మారలేదు. గుంట ఎంత పొడవు, ఎంత లోతు, ఎన్ని ఘనపు మీటర్లు అన్నదే లెక్క. ఆ గుంట తవ్వేవాళ్లలో నలభై దాటిన ఆడవాళ్లు ఎక్కువ. వేసవిలో మండుటెండలో గునపం పట్టి, ఆ తర్వాత నెలల తరబడి చింతపండు గింజ తీస్తూ ఒకేచోట కూచునే ఒళ్లు అది. ఏడాదిలో కొన్ని వారాలు మితిమీరిన శ్రమ, మిగతాదంతా కదలిక లేనితనం. కండరం సంకేతాల దృష్టితో చూస్తే ఇంతకంటే చెడ్డ క్యాలెండరు గీయడం కష్టం. పని పథకాన్ని ఆరోగ్య పథకంగా మార్చాలని అనడం లేదు, కూలి కూలే. అదే మనిషి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే రక్తపోటు చూస్తారు, వేలు గుచ్చి చక్కెర చూస్తారు, కండరాన్ని మాత్రం ఎవరూ చూడరు. దేశంలో పది కోట్ల మందికి చక్కెర జబ్బు ఉందని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది. అందులో ఎందరికి కండ కూడా కరుగుతోందో తెలియాలంటే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన కొలత ప్రకారం పిడికిలి పట్టు మగవాళ్లకు 28 కిలోల కంటే, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువైతే కండబలం తగ్గినట్టు. పట్టు కొలిచే పరికరం లేకపోయినా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూచోమంటే చాలు. పన్నెండు సెకన్లు పట్టినా, అంతకు మించినా అనుమానించాలి. అలాంటి కుర్చీ మడకశిర ప్రాంతంలో ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోనూ ఉంది.